ఓడలన్నీ ఒక వరుస, గద్దలన్నీ ఒక వరుస

పోయినవారం మొదలైన డబ్బాల గొడవ ఇంకా తెగలేదు.

“ఉప్పు పొయ్యి పక్కనే ఉండాలిరా నాయనా. నేను ఈ ఇంట్లో కాలు పెట్టినప్పటి నుంచీ అది అక్కడే ఉంది,” అంది ముసలామె, వంటింటి గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుని.

“ఉప్పు డబ్బా పొట్టిదమ్మా. పొట్టివన్నీ కుడి చివర, పొడుగువన్నీ ఎడమ చివర. ఒక్కసారి దూరంగా నిలబడి చూడు, ఎంత తీరుగా ఉన్నాయో,” అన్నాడు కొడుకు.

“దూరం నుంచి చూడ్డానికి అదేమన్నా కొండా? చేతికందాలి! కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే దొరికేది. ఇప్పుడు ఉప్పు కోసం కళ్ళజోడు, కళ్ళజోడు కోసం నీ కూతురు.”

“నానమ్మా, డబ్బాలకి ఒక సెల్యూట్ కొట్టి అడుగు. అవే అడుగు ముందుకేస్తాయి,” అంది మనవరాలు, కాలేజీకి జడ అల్లుకుంటూ.

“నీ పుస్తకాల అర కూడా ఇవాళ సర్దుతాను, ఉండు,” అన్నాడు తండ్రి.

“అమ్మా! నాన్నకి చెప్పవే!”

ముగ్గురూ కోడలి వంక చూశారు. ఆమె కారేజీ మూత బిగించి, సంచీలో పెట్టుకుంది.

“నాకు బస్సు టైమైంది,” అంది.

“జారుకుంటోంది,” అంది అత్తగారు గోడతో చెబుతున్నట్టు.

నిజమే, జారుకోవడమే. ఆ అరల ముందు నిలబడితే ఆమెకు నవ్వు రావాలి, లేకపోతే కోపం రావాలి. రెండూ రావడం లేదు.

ఆమె పనిచేసేది మ్యూజియంలో. అక్కడ అందరూ ఆమెను అచ్చులమ్మ అంటారు. పాత నాణేలకు ప్లాస్టర్‌తో అచ్చులు తీయడం ఆమె పని. మెత్తటి పిండిలాంటి ముద్దలో నాణేన్ని నొక్కి, ఆ గుంటలో పల్చగా కలిపిన ప్లాస్టర్ పోసి, సన్నటి కుంచెతో బుడగలు పోగొట్టాలి. ఒక్క బుడగ మిగిలిపోయిందా, చక్రవర్తి గారి ముక్కు మీద కురుపు లేస్తుంది. వెండి మెరుస్తుంది కాబట్టి ఫొటోలో కొన్ని గీతలు ఆ మెరుపులో మునిగిపోతాయి. తెల్లటి అచ్చు మెరవదు. ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. అందుకే నాణేల గురించి రాసేవాళ్ళకు ఇప్పటికీ అచ్చులే కావాలి.

ఇక ఆమె భర్తని వీధిలో కెప్టెన్ గారంటారు. ఆయన ఏనాడూ కెప్టెన్ కాదు. సిపాయిగా చేరి, కొత్త కుర్రాళ్ళకు కవాతు నేర్పే మాస్టరుగా రిటైరయ్యాడు. ఇస్త్రీ బండి అతను ఒకనాడు ఉబ్బేయడానికి ఇచ్చిన ప్రమోషన్‌ని వీధి మొత్తం ఖాయం చేసేసింది.

ఆయన పటాలంలో ఉన్న ఇరవై పైచిలుకు ఏళ్ళూ ఆమె ఎదురుచూపుల్లోనే బతికింది. పెద్ద పెద్ద కోరికలేం కావు. తను గిన్నెలు కడుగుతుంటే ఆయన గడప మీద కూర్చుని పేపరు చదవాలి. చదువుతూ, “ఇంకో కప్పు టీ ఇస్తావా?” అనాలి. తను విసుక్కోవాలి. మనిషి ఎప్పుడూ ఉంటాడన్న ధీమా ఉంటే గానీ విసుక్కోలేం కదా! సెలవు మీద వచ్చిన మొగుణ్ణి ఎవరు విసుక్కుంటారు? అప్పుడు ఆయన బస్సు దిగేవాడు, బూటు పాలిష్ వాసనతో, భుజాన ట్రంకు పెట్టెతో, వీధి మలుపు నుంచే నవ్వుతూ. కూతుర్ని ఎత్తి గాల్లోకి ఎగరేసేవాడు. తల్లి వంటని పొగిడేవాడు. పెరట్లో కూర్చుని మిత్రులందరి కథలూ వాళ్ళ గొంతులతోనే చెప్పి ఇల్లంతా నవ్వించేవాడు. మళ్ళీ ట్రంకు పెట్టె ఎత్తేవాడు.

“ఇదే ఆఖరు. ఇక ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్ళను, మాట,” అని రిటైరై వచ్చిన రోజు ఆమె అరచేతిలో చెయ్యి వేశాడు.

వచ్చాడు, ఉన్నాడు. గడప మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. టీ ఇస్తే తాగుతున్నాడు, ఇవ్వకపోతే అడగడం లేదు. కథలు లేవు, గొంతులు లేవు. నవ్వు కూడా ఉతికి మడతపెట్టి ఏ అరలోనో సర్దేసినట్టుంది. ఒక్కోసారి పక్కనే పడుకున్న మనిషిని చూస్తూ, ‘ఈయన ఎప్పుడొస్తాడు?’ అనుకుని ఆమె ఉలిక్కిపడేది.

పోయినవారం ఆయన పాత పై అధికారి ఫోన్ చేశాడు. కంటోన్మెంటున్న కొండ ఊళ్ళో సైన్యంలో చేరబోయే పిల్లల బడి ఉంది. డ్రిల్ మాస్టరు కావాలి. ఉండటానికి గది ఇస్తారు. వస్తావా అని.

ఇల్లంతా వింటుండగానే ఆయన వద్దన్నాడు. “ఇంట్లో మాటిచ్చాను సార్,” అన్నాడు.

“తొందరేం లేదు, నెలాఖరుకి చెప్పు,” అన్నాడట అవతలి మనిషి.

“బాగా చెప్పావు నాయనా. ఇంకా ఆ బూట్లూ బాజాలూ దేనికి?” అని తల్లి మెచ్చుకుంది. కూతురు చప్పట్లు కొట్టింది. అచ్చులమ్మకి కూడా కడుపు చల్లబడిన మాట వాస్తవం. తనని చూసే వద్దన్నాడు కదా! ఆయన మాత్రం ఫోన్ పెట్టేసి, డాబా మీదికి వెళ్ళి చాలాసేపు ఉండి, కిందికి దిగి, తిన్నగా వంటింట్లోకి నడిచి డబ్బాల మీద పడ్డాడు.

* * *

ఆ రోజుల్లో అచ్చులమ్మ చేతిలో ఉన్నవి రోమన్ వెండి నాణేలు. ఎక్కడో ఎవరో ఇంటికి పునాది తవ్వుతుంటే కుండలో దొరికాయి. అక్కడి మ్యూజియం వాళ్ళు పరిశీలనకని కొన్నాళ్ళకు పంపారు. రెండువేల ఏళ్ళ కిందట ఆంటొనీ అనే సేనాని సముద్రం మీద యుద్ధానికి వెళుతూ తన సిపాయిల జీతాల కోసం కొట్టించినవి. ఒకవైపు తెడ్ల ఓడ. రెండోవైపు మధ్యలో కర్ర మీద గద్ద, దానికి అటూ ఇటూ రెండు జెండా కర్రలు. కింద ఆ దళం నంబరు, పాత గోడగడియారాల మీద ఉండే అంకెల్లో. వెండిలో రాగి ఎక్కువ కలిపారని జనం వాటిని దాచుకోలేదట, ఖర్చు పెట్టేశారట. అలా చేతులు మారీ మారీ, గద్ద ఈకలు పోయి, ఓడ తెడ్లు పోయి, కొన్నిటి మీద వట్టి నీడలే మిగిలాయి.

అచ్చు తీసేటప్పుడు ఓడవైపు ఒకటి, గద్దవైపు ఒకటి, వేరువేరుగా వస్తాయి. ఏ ఓడ ఏ గద్దకు జతో తెలియడానికి అచ్చుల అంచున పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటుంది ఆమె. నాణేల మేడం, అంటే ఆమె పై ఆఫీసరు, రాయబోయే పుస్తకమంతా ఆ జతల మీదే నిలబడుతుంది.

పని తరుముకొస్తోంది. నాణేలు తిరిగి వెళ్ళిపోవాలి. మేడం అనుమతితో ఆమె ఆరిన అచ్చుల్ని అట్టపెట్టెల్లో ఇంటికి తెచ్చుకుంది, ఆదివారం కూర్చుని గీకి సరిచేద్దామని. భోజనాల బల్ల మీద పరుచుకుందో లేదో, అత్తగారికి పన్ను సలుపు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

“ఏం చెయ్యాలి వీటిని?” అని అడిగాడు ఆయన.

“అంచులు గరుకుగా ఉన్నాయి కదా, కొంచెం గీకాలి. నేనొచ్చి చేసుకుంటాలెండి.”

“వెళ్ళిరా, వెళ్ళిరా,” అన్నాడు. ఆ గొంతులో ఏదో హుషారు వినపడి ఆమెకు సంతోషం కూడా వేసింది.

పన్ను పీకించుకున్న అత్తగారిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. ఆ మొహాన్ని ఆమె గుర్తుపట్టింది. అది వీధి మలుపులో బస్సు దిగే మొహం.

“రా, చూడు!”

బల్ల మీద తెల్లటి దుప్పటి, ముడత లేకుండా. దాని మీద ఎడమవైపు ఓడలన్నీ ఒక వరుస వెనక ఒక వరుస. కుడివైపు గద్దలన్నీ దళం నంబర్ల క్రమంలో, రెండో దళం, మూడో దళం, నాలుగో దళం, ఒక్క వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా. అంచులన్నీ ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది గుండ్రంగా, నున్నగా చేశాడు. మురికిగా కనిపించిన పెన్సిల్ గుర్తులు ఒక్కటీ లేవు.

“ఎంత మట్టసంగా ఉన్నాయో చూడు! నంబర్లన్నీ కలగాపులగంగా పెట్టావు నువ్వు. ఆరో దళం పక్కన పదిహేడో దళం! వాళ్ళు చూస్తే ఊరుకుంటారా?” అన్నాడు.

ఆమె అక్కడున్న కుర్చీలో కూలబడింది.

“ఏమైంది? బాగాలేదా?”

“జతలు...” అంది. “ఏ ఓడది ఏ గద్దో ఇప్పుడెలా తెలుస్తుంది? ఆ గుర్తులే కదండీ జతలు! నాణేలు గుండ్రంగా ఉండవు, ఒక్కోటి ఒక్కో వంకర. ఆ వంకర చూసైనా కలుపుకుందును. దాన్నీ అరగదీశారు.”

ఆయన చేతిలో ఉప్పుకాగితం ఇంకా ఉంది. దాన్ని మెల్లగా మడిచాడు.

“ఇది మీ పరేడ్ గ్రౌండ్ కాదు!” అంది ఆమె. అనకూడదనుకుంటూనే అంది. “డబ్బాలనీ లేదు, పుస్తకాలనీ లేదు, మేమనీ లేదు... అన్నిటినీ నిలబెట్టేస్తారా వరసలో?”

ఆయన తిరిగి ఒక్క మాట అన్నా బాగుండేది. నిటారుగా నిలబడి, “నాకు పని సరిగ్గా అర్థం కాలేదు. తప్పు నాదే,” అన్నాడు, పై అధికారికి చెప్పినట్టు.

అత్తగారు బుగ్గలో దూది ఉండగానే, “పోనీవే అమ్మాయ్. వాడికేం తెలుసు,” అంది. డబ్బాల గొడవలో కొడుకుని దులిపేసిన మనిషేనా ఈమె అన్నట్టు చూసింది మనవరాలు.

* * *

మేడం వయసులో చిన్నది, పెద్ద మనసున్న మనిషి. విషయం విని ముందు నుదురు పట్టుకుంది. తర్వాత నవ్వింది. “అచ్చులమ్మ గారూ, నాణేలు ఇంకా మన దగ్గరే ఉన్నాయి కదా. ఒక్కొక్కటీ పక్కన పెట్టి పోల్చుకోవడమే. ఇద్దరు మనుషుల పని. రెండో మనిషిని నేనెక్కణ్ణుంచి తేను?”

“కలిపింది ఎవరో వాళ్ళనే తెస్తాను,” అంది అచ్చులమ్మ.

అలా కెప్టెన్ గారు సంచీ బయట అప్పజెప్పి, చేతులు కడుక్కుని, కిటికీ పక్కన పొడవాటి బల్ల దగ్గర భార్యకు ఎదురుగా కూర్చున్నాడు. మేడం తన గదిలోకి వెళ్ళిపోయింది. నాణేన్ని అంచుల దగ్గర ఎలా పట్టుకోవాలో అచ్చులమ్మ చూపించింది. ఆయన పట్టుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని తూచి చూశాడు.

“ఇంత తేలికా!” అన్నాడు. “జీతం అంటే బరువుగా ఉంటుందనుకున్నా.”

పని మొదలైంది. నాణెం ఒకటి తీసి, దాని దెబ్బలూ గీతలూ ఆయన చెప్పాలి. ఆమె అచ్చుల్లో వెతకాలి.

“ఎనిమిదో దళం. గద్ద ఎడమ రెక్క అరిగింది. కుడి జెండాకర్ర మీద గాటు.”

“ఉంది.”

“ఓడ. ముందు భాగం మొత్తం ఉంది. తెడ్లు సగం లేవు. అంచున చిన్న నొక్కు.”

“ఆగండి... ఆఁ, ఉంది.”

“పన్నెండో దళం!”

“ఉందండీ, అరవకండి. ఇది లైబ్రరీ పక్క గది.”

ఆయన నవ్వాడు. మధ్యాహ్నానికి ఆ గొంతు దానంతటదే సాగుతోంది, ఒక్కో నంబరూ పిలుస్తూ, ఒక్కో నంబరు తర్వాతా జవాబు కోసం ఆగుతూ. పొద్దున హాజరు పిలిచే మనిషి గొంతు అది. ఆమె ఆ గొంతు ఏనాడూ విననే లేదు. సెలవుల్లో తెచ్చిన కథల్లో అందరి గొంతులూ ఉండేవి, ఇది తప్ప. దీన్ని ఆయన అక్కడే వదిలి వచ్చేవాడు కాబోలు.

వరసగా చాలా రోజులు అలాగే సాగింది. పొద్దున ఇద్దరూ ఒకే బస్సు ఎక్కేవాళ్ళు. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఒకే కారేజీ తినేవాళ్ళు. ఒకనాడు పదో దళమో పదకొండో దళమో పోల్చలేనంతగా అరిగిన నాణేన్ని ఆయన వెలుతురుకి పట్టి తిప్పుతూ అడిగాడు.

“వీళ్ళు ఎన్నేళ్ళు చేసేవాళ్ళు నౌకరీ?”

“ఇరవై ఏళ్ళ దాకా ఉండేవాళ్ళూ ఉన్నారట. మేడం చెప్పారు.”

“నాలాగే. ఆ తర్వాత?”

“ఎక్కడో కాస్త భూమి ఇచ్చి పంపేవాళ్ళట. ఇల్లూ వాకిలీ చూసుకోమని.”

“చూసుకునేవాళ్ళా?”

“చూసుకునేవాళ్ళే. కొంతమంది మాత్రం పాత సేనాని పిలిస్తే మళ్ళీ వెళ్ళేవాళ్ళట. వాళ్ళకి వేరే పేరు కూడా ఉండేదట, పిలిస్తే వచ్చినవాళ్ళని...”

చెబుతూ చెబుతూనే తను ఏం చెబుతోందో ఆమెకు తెలిసింది. మాట అక్కడ ఆగింది. ఆయన తల ఎత్తలేదు. నాణేన్ని దూది మీద పెట్టి, ఇంకోటి తీశాడు. తీసినవాడు నంబరు చెప్పలేదు.

“మీకు వెళ్ళాలని ఉందా?” అంది ఆమె.

“వెళ్ళనన్నాను కదా.”

“వెళ్ళనన్నారు. ఉందా అని అడుగుతున్నా.”

ఆయన కిటికీలోంచి బయటకు చూశాడు. వీధిలో ఎవరి దారిన వాళ్ళు నడుస్తున్నారు, కొందరు తొందరగా, కొందరు తీరిగ్గా.

“నువ్వు నవ్వుతావు,” అన్నాడు. “తుపాకులూ అవీ కాదు. యుద్ధం సంగతి అసలే కాదు. పొద్దున్నే కొత్త కుర్రాళ్ళు నడుస్తారు చూడు, మొదటి వారం నలభైమందివీ నలభై చప్పుళ్ళు. ఇటుకలు దొర్లినట్టుంటుంది. తిడతాం, బతిమాలతాం. ఒకనాడు ఉన్నట్టుండి అందరి అడుగూ ఒకటే చప్పుడవుతుంది. ఆ పిల్లలకే తెలియదు, అయిందని. నాకు తెలుస్తుంది. ఆ చప్పుడు...” గుండె మీద చెయ్యి పెట్టబోయి తీసేశాడు. “ఇంట్లో ఎంత జాగ్రత్తగా నడిచినా నా అడుగు ఒక్కటే వినపడుతుందే.”

ఆమెకు నవ్వు రాలేదు.

ఇన్నేళ్ళూ ఎవరి కోసం ఎదురుచూసిందో ఆ మనిషి ఆ చప్పుడులో ఉండేవాడు. అక్కడ నిండేవాడు కాబట్టే ఇక్కడికొచ్చి అంత ధారాళంగా ఒలికేవాడు. బస్సు దిగేటప్పటి ఆ నవ్వుని తను ఇంటి మీది ప్రేమ అనుకుంది. ప్రేమే, కాదనదు. కానీ దాన్ని తయారుచేసి పంపింది ఆ మైదానం. ఆ మైదానం నుంచి మనిషిని శాశ్వతంగా తెచ్చుకుని, నవ్వు ఎందుకు రాలేదా అని వీధి మలుపు వంక చూస్తూ కూర్చుంది.

తెలిసినంత మాత్రాన తేలిక అవుతుందా! ఎదురుగా ఉన్నాడు. చెయ్యి చాపితే అందుతాడు. వేళ్ళకు ప్లాస్టర్ పొడి, చెంప మీద ఒక తెల్లటి మచ్చ. ఈ కొద్దిరోజులూ ఎంత బాగున్నాయి! పని అయిపోతే ఆ గొంతు ఆగిపోతుంది. మళ్ళీ గడప, మళ్ళీ పేపరు. పోనీ ఈ మాట మళ్ళీ ఎత్తకుండా ఉంటే? నెలాఖరు దాటిపోతుంది, అంతే. ఆయన నోరెత్తడు. మాట ఇచ్చిన మనిషి. జీవితాంతం పక్కనే ఉంటాడు, అలా నిటారుగా, ఎక్కడా లేకుండా.

“ఏ దళం అది?” అంది, అచ్చుల పెట్టె దగ్గరికి లాక్కుని.

“ఇరవై. గద్ద బాగానే ఉంది.”

“ఉంది,” అంది ఆమె, అచ్చు వెతికి పట్టుకుని.

జతలన్నీ కుదిరిన రోజు మేడం ఇద్దరికీ టీ తెప్పించింది. “కెప్టెన్ గారూ, ఇంత వేగంగా అవుతుందనుకోలేదు. రేపటి నుంచి ఏం చేస్తారు?” అని అడిగింది మామూలుగా.

“ఇంట్లోనేనండి,” అన్నాడు. టీ కప్పులో మిగిలింది తాగకుండానే లేచి, కుర్చీ బల్ల కిందికి సరిగ్గా నెట్టి, బయట సంచీ తీసుకోవడానికి వెళ్ళాడు. అచ్చులమ్మ చేతులు కడుక్కునే నెపంతో వెనక ఉండిపోయింది. ఆయన ఫోన్‌లోంచి పొద్దున్నే ఎక్కించుకున్న పాత అధికారి నంబరుకి ఫోన్ చేసింది. అవతలి పెద్దమనిషి ఎత్తగానే చెప్పాల్సింది చెప్పింది. మాట తడబడలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం కుళాయి విప్పి, నీళ్ళ చప్పుడులో కాసేపు నిలబడింది.

* * *

సాయంత్రం దీపాలు పెట్టే వేళకే అందరూ భోజనాలకు కూర్చున్నారు. అత్తగారు మెత్తగా చేసుకున్నది నములుతూ పన్ను పోయిన చోటు గురించి చెబుతోంది. కూతురు కంచం పక్కన ఫోన్ పెట్టుకుని చూస్తోంది. ఆయన తల వంచుకుని తింటున్నాడు.

అచ్చులమ్మ అందరికీ వడ్డించి, తనకు పెట్టుకుని, కూర్చుంది.

“అత్తయ్యా, వచ్చే నెల ఆయన ఆ బళ్ళో చేరుతున్నారు. మధ్యాహ్నం నేనే ఫోన్ చేసి చెప్పాను.”

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కూతురు ఫోన్ బోర్లా పెట్టింది.

“ఎవరు చెప్పమన్నారు?” అన్నాడు చాలా నెమ్మదిగా. “నీకు మాటిచ్చాను నేను.”

“నాకే కదా ఇచ్చారు. నేను తిరిగి ఇచ్చేశాను.”

“మతి గానీ పోయిందా నీకు!” అంది అత్తగారు. “ఎప్పుడొస్తాడు, ఎప్పుడొస్తాడు అని నా ప్రాణం తీశావు కదే ఇన్నేళ్ళూ! వచ్చినవాణ్ణి పంపించి మళ్ళీ ఆ కిటికీ దగ్గర నిలబడతావా?”

“అలవాటున్న పనే కదా అత్తయ్యా.”

ముసలామె కోడలి మొహం చూసింది. కొడుకు మొహం కూడా చూసింది. అక్కడ ఏం కనిపించిందో, కళ్ళు దించుకుని కంచంలోకి చూసుకుంది.

“మరి నువ్వమ్మా? నువ్వూ వెళ్ళిపోతావా?” అంది కూతురు. ఆ పిల్ల గొంతు చిన్నపిల్ల గొంతయిపోయింది.

“నేనెక్కడికి? నీ చదువుంది, నాకు పనుంది. మొన్న ఇంకో కుండ దొరికిందట, మేడం చెప్పారు. సెలవులు దొరికినప్పుడు నేనే వెళ్ళి వస్తాను.” భర్త వైపు తిరిగింది. ఆయన కళ్ళలోకి చూస్తే మాట నిలవదని తెలిసి, ఆయన కంచం వైపు చూస్తూ చెప్పింది. “అది చలి ఊరట కదా. శనివారం వెళ్ళి రెండు మందపాటి దుప్పట్లు కొనుక్కొద్దాం. ఒకటో తారీకున పొద్దున బస్సుకే మీ ప్రయాణం.”